లేపే ముందు నిద్రపుచ్చిన గురువు



ఈ వారం వీడియోలో బ్రహ్మముహూర్తం గురించి చెప్పుకున్నాం కదా. అందులో సమయం చాలక ఒక విషయం వదిలేశాను. అది చాలా ముఖ్యమైన విషయం కాబట్టి ఇక్కడ కాస్త తీరిగ్గా రాస్తున్నాను. వీలైతే ఇంట్లో పెద్దవాళ్ళు, పిల్లలు కలిసి చదవండి.

నాకు వచ్చే ప్రశ్నల్లో రెండు మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. ఒకటి అమ్మానాన్నలది. "మావాడు పదో తరగతి అండీ. తెల్లవారుజామున నాలుగింటికి లేపితే లేవడు. లేచినా పుస్తకం ముందు కూర్చుని తూలుతుంటాడు. బ్రహ్మముహూర్తంలో చదివితే బాగా వంటబడుతుందంటారు కదా, ఏం చెయ్యమంటారు?" రెండోది పిల్లలది. "రాత్రి పదకొండున్నర దాకా హోంవర్కే సరిపోతుంది. పొద్దున నాలుగింటికి అమ్మ లేపుతుంది. లేవకపోతే తమోగుణం అంటుంది. నేను నిజంగా అంత చెడ్డవాణ్ణా?"

ఈ రెండో ప్రశ్న చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ఆ తల్లికి బిడ్డ మీద ప్రేమ లేదా అంటే, బోలెడంత ఉంది. కానీ నిద్ర చాలక అలసిపోయిన పిల్లవాడికి శాస్త్రం పేరు చెప్పి "నువ్వు తప్పు చేస్తున్నావు" అనిపిస్తున్నాం. ఆ పిల్లవాడు రేపు పెద్దయ్యాక దేవుడి పేరు వింటే అలారం మోతే గుర్తొస్తుంది. అందుకే అసలు మన పెద్దలు నిద్ర గురించి ఏం చెప్పారో ఒకసారి చూద్దాం.

సరయూ తీరంలో ఆ రాత్రి

తిరుమల సుప్రభాతంలో మొదటి శ్లోకం వాల్మీకి రామాయణం బాలకాండలోది. విశ్వామిత్రుడు రాముణ్ణి నిద్రలేపే సందర్భం. మన ఇళ్ళలో రోజూ వింటాం. అయితే ఆ తెల్లవారుజాముకు ముందు రాత్రి ఏం జరిగిందో ఎంతమందిమి గమనించాం?

అప్పటికి రాముడికి పదహారేళ్ళు కూడా నిండలేదు. దశరథుడు ఆ మాటే చెప్పి విశ్వామిత్రుణ్ణి బతిమాలుకున్నాడు. ఈ రోజుల లెక్కలో చెప్పాలంటే టెన్త్, ఇంటర్ చదివే వయసు. ఆ పిల్లలిద్దరూ అయోధ్య దాటి గురువు వెంట ఒకటిన్నర యోజనాలు నడిచి సరయూ నది దక్షిణ తీరానికి చేరారు. అక్కడ విశ్వామిత్రుడు వాళ్ళకు బల, అతిబల విద్యలు ఉపదేశించాడు. అలసట, జ్వరం, ఆకలి, దప్పిక బాధించకుండా కాపాడే విద్యలవి. ఆ రాత్రి అక్కడే పడుకున్నారు. హంసతూలికా తల్పాల మీద పెరిగిన పిల్లలకు ఆ రాత్రి దొరికింది గడ్డి పరుపు.

ఇక్కడే వాల్మీకి ఒక చిన్న మాట చెబుతాడు. ఆ పడక వాళ్ళకు అలవాటు లేనిదే అయినా, విశ్వామిత్రుడు లాలనగా చెప్పిన మాటలతో ఆ రాత్రి వాళ్ళకు హాయిగా గడిచిపోయిందట. చూశారా! ఒకప్పుడు చక్రవర్తి, ఆపైన బ్రహ్మర్షి, కోపానికి పెట్టింది పేరు. అలాంటి మహానుభావుడు పిల్లల పక్కన కూర్చుని మంచి మాటలతో నిద్రపుచ్చాడు. ఆ తరువాతే లేపాడు.

లేపింది ఎప్పుడు? రాత్రి గడిచి తెల్లవారుతుండగా, ప్రాతఃసంధ్య వేళకు. ఎలా లేపాడు? "ఇలాంటి కొడుకును కన్న కౌసల్య ధన్యురాలు" అనే భావంతో తల్లిని తలచి, నరశ్రేష్ఠుడా అని పిలిచి, చెయ్యాల్సిన పని గుర్తుచేశాడు. అందులో తిట్టు లేదు, పక్కింటి అబ్బాయితో పోలిక లేదు. పిల్లలు లేచారు, స్నానం చేశారు, అర్ఘ్యం ఇచ్చారు, జపం చేశారు, ప్రయాణానికి సిద్ధమయ్యారు.

మనం ఈ కథలో లేపడం ఒక్కటే తీసుకుని, నిద్రపుచ్చడం వదిలేశాం.

బ్రహ్మముహూర్తం అంటే నాలుగు గంటలు కాదు

ఒక ముహూర్తం అంటే 48 నిమిషాలు. రాత్రీ పగలూ కలిపి 30 ముహూర్తాలు. సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాల ముందు ముగిసేది బ్రహ్మముహూర్తం. సూర్యోదయం 6 గంటలకైతే 4:24 నుంచి 5:12 వరకు. జనవరిలో హైదరాబాదులో సూర్యోదయం దాదాపు 6:45కి అవుతుంది. అంటే ఆ రోజుల్లో బ్రహ్మముహూర్తం ఐదు దాటాకే మొదలవుతుంది. అలారంలో ఏడాది పొడుగునా నాలుగు అని పెట్టుకోవడానికి పంచాంగంలో ఆధారం లేదు.

ఇంకో సంగతి. అష్టాంగహృదయంలో దినచర్య చెబుతూ వాగ్భటాచార్యులు బ్రహ్మముహూర్తంలో లేవమన్నది ఎవరిని? ఆరోగ్యంగా ఉన్నవాణ్ణి. ఆ షరతు అక్కడే ఉంది. చరకసంహితలో శరీరాన్ని నిలబెట్టే మూడు ఊతల్లో ఆహారంతో పాటు నిద్రను కూడా చెప్పారు. సుఖదుఃఖాలు, బలం, చివరికి జ్ఞానం కూడా నిద్ర మీద ఆధారపడతాయని ఆయుర్వేదం మాట.

ఇప్పుడు డాక్టర్ల లెక్క చూద్దాం. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ సిఫారసు ప్రకారం రోజు మొత్తంలో మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలకు పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటలు, ఆరు నుంచి పన్నెండేళ్ళ వాళ్ళకు 9 నుంచి 12 గంటలు, పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వాళ్ళకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పెద్దవాళ్ళకు కనీసం 7 గంటలు.

పదిహేనేళ్ళ పిల్లవాడు 4:24కి లేవాలంటే, ఎనిమిది గంటల నిద్రకు రాత్రి 8:24కల్లా కళ్ళు మూయాలి. ట్యూషన్ నుంచి వాడు ఇంటికి వచ్చేదే ఎనిమిదిన్నరకి! పదకొండున్నరకు పడుకోబెట్టి నాలుగింటికి లేపితే వాడికి దక్కేది నాలుగున్నర గంటలు. అది సాధన కాదండీ, శిక్ష.

పైగా యుక్తవయసు వచ్చేసరికి శరీరంలోని గడియారమే కాస్త వెనక్కి జరుగుతుంది. నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ చిన్నప్పటికంటే ఆలస్యంగా ఊరుతుంది. అందుకే తొమ్మిదింటికి పడుకోమంటే టీనేజ్ పిల్లలకు నిద్ర పట్టదు, పొద్దున్నే లేవమంటే శరీరం సహకరించదు. దాన్ని బద్ధకం అనకండి. చదివింది మనసులో కుదురుకునేది కూడా నిద్రలోనే. చదవడం నాట్లు వెయ్యడమైతే, నిద్ర నీళ్ళు పెట్టడం. నీళ్ళు కట్టేసి ఇంకో మడి నాటితే ఏం పండుతుంది?

ఊర్మిళ తీర్చిన బాకీ

మన తెలుగింటి ఆడవాళ్ళు తరతరాలుగా పాడుకున్న ఊర్మిళాదేవి నిద్ర కథ వినే ఉంటారు. ఇది వాల్మీకంలో లేదు, జానపద సంప్రదాయంలోది. అన్నావదినలను కాపాడటానికి లక్ష్మణుడు పద్నాలుగేళ్ళు నిద్రపోలేదు. మరి ఆ నిద్ర ఏమైంది? అయోధ్యలో ఊర్మిళ దగ్గరకు వెళ్ళింది. పద్నాలుగేళ్ళూ ఆవిడ నిద్రపోయింది.

నాకు ఈ కథలో కనిపించే సత్యం ఇది. సాక్షాత్తూ ఆదిశేషుడి అవతారమైన లక్ష్మణుడి విషయంలో కూడా నిద్ర ఊరికే మాయం కాలేదు. ఎవరో ఒకరు ఆ భారం మోయాల్సి వచ్చింది. మన పిల్లవాడు రోజుకు మూడున్నర గంటలు తక్కువ నిద్రపోతే, ఆరు రోజుల్లో 21 గంటల బాకీ. వాడి తరఫున నిద్రపోవడానికి ఊర్మిళ ఎక్కడుంది? ఆ బాకీ వాడే తీర్చాలి. క్లాసులో కునుకు, చీటికీమాటికీ చిరాకు, తలనొప్పి, చదివింది గుర్తురాకపోవడం, ఊరికే కళ్ళనీళ్ళు పెట్టుకోవడం, ఇవన్నీ వాయిదాల్లో తీరుతున్న బాకీలే కావచ్చు. మనం మాత్రం "ఈ మధ్య వీడికి పొగరెక్కువైంది" అనుకుంటాం.

దేవీమాహాత్మ్యంలో దేవతలు అమ్మవారిని స్తుతిస్తూ, సకల ప్రాణుల్లో నిద్ర రూపంలో ఉన్నది నువ్వే అంటారు. ఆకలి, శాంతి, శ్రద్ధ వీటితో పాటే నిద్ర కూడా ఆవిడ రూపమే. ఇంటికి వచ్చిన అమ్మవారిని గుమ్మంలోంచే తిప్పి పంపేస్తామా?

పిల్లలూ, మీకు కూడా ఉంది

ఇంతవరకు చదివి "చూశావా అమ్మా, నేను చెప్పలే!" అని ఫోన్ చూపించబోతున్నారు కదూ. ఆగండి.

భగవద్గీత ఆరో అధ్యాయంలో 16, 17 శ్లోకాల్లో కృష్ణ పరమాత్మ రెండు వైపులా చెప్పాడు. అతిగా తినేవాడికీ, బొత్తిగా తిననివాడికీ యోగం కుదరదు. అతిగా నిద్రపోయేవాడికీ, అదేపనిగా మేలుకునేవాడికీ కుదరదు. తిండి, తిరుగుడు, పని, నిద్ర, మెలకువ అన్నీ మితంగా ఉన్నవాడికే యోగం దుఃఖాన్ని పోగొడుతుంది. హోంవర్క్ పదింటికే అయిపోయి, దుప్పటి కింద ఒంటిగంట దాకా రీల్స్ చూసి, "నా బయలాజికల్ క్లాక్ అంతే" అంటే కుదరదమ్మా. రాత్రిపూట స్క్రీన్ వెలుతురు ఆ మెలటోనిన్‌ను ఇంకా వెనక్కి నెడుతుంది. సగం ఆలస్యం వయసుదైతే, మిగతా సగం ఫోన్‌ది.

"మరి శివరాత్రికి జాగారం చెయ్యమంటారుగా?" అని కొందరు అడుగుతారు. అది ఏడాదికి ఒక్క రాత్రి. నిద్ర విలువైనది కాబట్టే దాన్ని ఆ ఒక్క రాత్రి స్వామికి సమర్పిస్తున్నాం. రోజూ మేలుకునేవాడు ఇంక ఏం సమర్పిస్తాడు? జాగారం చేసిన మర్నాడు బండి మాత్రం నడపకండి.

పదకొండు రోజుల సంకల్పం

ఇంటిల్లిపాదీ కలిసి పదకొండు రోజులు చేసి చూడండి. పెద్దవాళ్ళు చెయ్యకుండా పిల్లలతో చేయించొద్దు.

ఒకటి, ఫోన్లకు పవళింపు సేవ. తిరుమలలో రాత్రి ఏకాంతసేవలో లాలిపాట పాడి స్వామినే పడుకోబెడతాం. మన ఫోన్లకు మాత్రం నిద్ర లేదు. పడుకోవడానికి గంట ముందు ఇంట్లో అన్ని ఫోన్లూ హాల్లో ఒకచోట చార్జింగ్‌లో పెట్టేయండి. మొదట నాన్నది, తరువాత అమ్మది, ఆ తరువాత పిల్లలది. అలారం కోసం చిన్న గడియారం కొనుక్కోండి.

రెండు, సాయంత్రం నాలుగు దాటితే పిల్లలకు కాఫీ, టీ, కూల్‌డ్రింకులు వద్దు. ఎనర్జీ డ్రింకులు అసలే వద్దు. రాత్రి భోజనం పడుకోవడానికి రెండు గంటల ముందే అయిపోతే మంచిది.

మూడు, నిద్రవేళ ఒక్కసారిగా మార్చకండి. రెండు మూడు రోజులకొకసారి పావుగంట ముందుకు జరపండి. ఆదివారం కూడా లేచే వేళలో గంటకు మించి తేడా రానివ్వకండి.

నాలుగు, లేవగానే సూర్యుడికి ఎదురుగా నిలబడి అర్ఘ్యం ఇవ్వండి. ఓపిక ఉంటే సూర్యనమస్కారాలు చెయ్యండి. ఉదయపు వెలుతురు కంటికి తగిలితే శరీరంలోని గడియారం సరిదిద్దుకుంటుంది, రాత్రి నిద్ర వేళకు వస్తుంది. అపార్ట్‌మెంట్ అయితే బాల్కనీ చాలు.

అయిదు, అన్నిటికన్నా ముఖ్యమైనది. పడుకునే ముందు పది నిమిషాలు విశ్వామిత్రుడిలా ఉండండి. మార్కులు, ఫీజులు, ర్యాంకులు ఆ పది నిమిషాల్లో ఎత్తొద్దు. చిన్నవాళ్ళకు ఒక కథో లాలిపాటో చాలు. పెద్ద పిల్లలైతే పక్కన కూర్చుని "ఇవాళ ఎలా గడిచింది నాన్నా?" అని అడిగి వినండి, సలహా ఇవ్వొద్దు. తరువాత అందరూ కలిసి మూడుసార్లు ఇష్టదైవం పేరు తలుచుకుని దీపం తగ్గించండి.

పరీక్షలు దగ్గరపడితే తెల్లవారుజామున చదవాలనుకోవడం తప్పు కాదు. ముందు పడుకునే వేళ మార్చి, తరువాత లేచే వేళ మార్చండి. నిద్ర ఎనిమిది గంటలకు తగ్గుతుందంటే, ఆ రోజు లేపకండి. బ్రహ్మముహూర్తం రేపు కూడా వస్తుంది.

డాక్టర్ దగ్గరకు ఎప్పుడు వెళ్ళాలి

పిల్లలు రోజూ గట్టిగా గురకపెడుతున్నా, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తున్నట్టున్నా, చాలినంత పడుకున్నా పగలంతా మత్తుగా ఉంటున్నా డాక్టర్‌కు చూపించండి. వారాల తరబడి నిద్రపట్టకపోయినా, ఎప్పుడూ దిగులుగా ఉంటున్నా, "బతకాలని లేదు" అనే మాట ఒక్కసారి నోట వచ్చినా "జపం చేస్తే పోతుందిలే" అని వదిలేయకండి. కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడొచ్చు. జపమూ చెయ్యండి, ఫోనూ చెయ్యండి. వైద్యుణ్ణి నారాయణుడితో సమానంగా చూడమన్నది మన సంప్రదాయమే.

అరణ్యానికి వెళ్ళిన మొదటి రోజుల్లో, గంగ ఒడ్డున సీతారాములు నేల మీద పడుకుంటే లక్ష్మణుడు విల్లు పట్టుకుని కాపలా ఉన్నాడు. గుహుడు వచ్చి "నేను కాస్తాను, నువ్వు పడుకో" అన్నా వినలేదు. అమ్మలూ, నాన్నలూ, మన పిల్లల నిద్రకు కూడా అలాంటి కాపలా కావాలి. ట్యూషన్ సమయం మార్చమని మాస్టారుతో మాట్లాడాల్సి వస్తే మాట్లాడండి. రాత్రి టీవీ కట్టెయ్యాల్సి వస్తే కట్టెయ్యండి. చుట్టాలు "మావాడు మూడింటికే లేస్తాడు" అంటే నవ్వి ఊరుకోండి.

ఇవాళ రాత్రే మొదలుపెట్టండి. నిద్రారూపంలో ఉన్న ఆ జగన్మాత మీ ఇంట్లో ప్రతి కంటి మీదా చల్లగా వాలాలని, పొద్దున్నే పిల్లలు నవ్వుతూ లేవాలని ప్రార్థిస్తున్నాను.

శుభమస్తు.