తడిసిన గోనె సంచి

నారాయణఖేడ్ చుట్టుపక్కల ఇళ్లలో కందుల సంచులు ఉన్నన్నాళ్లూ పిల్లికి ఎలుకల కొదవ లేదు. అందుకే దాన్ని రానిస్తాం, పోనిస్తాం. అదే పిల్లి ఓ పొద్దున సంచికి వీపు తిప్పి నిలబడి, తోక నిటారుగా లేపి, కొస సన్నగా వణికిస్తూ మూత్రం చిమ్మిందా, చీపురు తీస్తాం. మన తిండి తిని ఇదేం పాడుబుద్ధి అని తిట్టుకుంటాం.

పక్క వాడకట్టు గండుపిల్లి రాత్రి మిద్దె మీదుగా వచ్చిపోయిన సంగతి మనకు తెలియదు, దానికి తెలుసు. పొలం గట్టున హద్దురాయి పాతినట్టు, వచ్చేవాడి ముక్కెత్తున తన వాసన నిలుపుతుంది. విత్తులు తీయిస్తే ఈ అలవాటు చాలావాటిలో తగ్గుతుంది, అన్నింటిలో కాదు. చుట్టాలు దిగినా, మంచం చోటు మారినా బెదిరి మళ్లీ మొదలుపెట్టేవి ఉంటాయి. కొడితే బెదురు పెరుగుతుంది, దాంతో పాటు చిమ్మడమూ.

ఇక ఆ వాసనకు మనకు తెలిసిన మందు ఫినాయిల్. అందులోని ఫినాల్ జాతి పదార్థాలను మార్చి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి బాగా తక్కువ. తడి నేల మీద నడిచి పాదాలు నాక్కుంటే ఆ విషం లోపలికే పోతుంది. పారాసిటమాల్ సంగతీ అంతే. పాపం, నలతగా ఉందని జాలిపడి వేసిన సగం గోలీ ప్రాణం తీయగలదు. కోపమే కాదు, తెలియని జాలి కూడా చంపుతుంది.

చిమ్మే పిల్లి నిలబడుతుంది. మూత్రానికి నొప్పి పడే పిల్లి కూర్చుంటుంది. ముక్కుతుంది, చుక్క రాక లేస్తుంది, నాక్కుంటుంది, మరో మూలకు పోయి మళ్లీ కూర్చుంటుంది. మలబద్ధకమేమో అనుకోవడం తేలిక. మగపిల్లి మూత్రనాళం చివర మరీ సన్నం. జిగురూ స్ఫటికాలూ చేరి పూడుకుపోతే రక్తంలో పొటాషియం పెరిగి, ఒకటి రెండు రోజుల్లో గుండె ఆగిపోవచ్చు.

పిల్లి పూర్వీకులు ఎడారి జంతువులు. దప్పిక తక్కువ, మూత్రం చిక్కన. వేట మాంసంలోని తడితో బతికిన ఒంటికి మనం పొడి మేత పెడుతున్నాం, మన దగ్గరేమో ఎండలు ఇంతింత. తిండికి కొంచెం నీళ్లు కలపాలి. నీళ్ల గిన్నె తిండికి ఎడంగా, ఒకటికి రెండు చోట్ల ఉంచాలి.

విచిత్రమేమిటంటే, మూత్రాశయం వాచిన, వయసులో ఉన్న పిల్లుల్లో చాలావాటికి పరీక్షల్లో క్రిములు దొరకవు, రాళ్లూ కనబడవు. అలజడికీ ఈ జబ్బుకీ సంబంధం ఉందని తేలింది. కాబట్టి వేళకు తిండి, దాక్కోను ఓ మూల, ఎక్కి కూర్చోను ఓ ఎత్తు, గొడవల్లేని ఇల్లు అని పశువైద్యులు చెబుతారు. ఈ చీటీ మనుషులకు ఎవరూ ఎందుకు రాసివ్వరో!

పశువుల దవాఖానకు మన దిక్కున ఎక్కువగా బర్రెలు, మేకలే పోతాయి. పిల్లిని బుట్టలో పెట్టుకుపోతే నలుగురు నవ్వొచ్చు, నవ్వనీ. పూడిక తీసే సన్న గొట్టం అక్కడ లేకుంటే హైదరాబాద్ నూరు కిలోమీటర్ల పైమాటే. రాత్రి కనిపెట్టినవాళ్లు తెల్లారనివ్వకుండా బయల్దేరాలి.