మల్లెలో ఉన్నదే మురికిలోనూ

శుచి, అశుచి అనేవి వస్తువులోనే ఉన్నాయా, మనం అంటగట్టినవా? తాగునీటి పరీక్షల ల్యాబ్‌లో ఉద్యోగం చేసి రిటైరైన నాకు ఈ ప్రశ్న టెస్ట్‌ట్యూబ్ దగ్గర మొదలైంది.

మా పని నీళ్లలో మలం కలిసిందో లేదో తేల్చడం. అనుమానం ఉన్న నమూనాలో పెరిగిన సూక్ష్మజీవుల్ని ట్రిప్టోఫాన్ ఉన్న ద్రవంలో వేసి, 44 డిగ్రీల వేడిలో ఒక రోజు ఉంచుతాం. మర్నాడు కోవాక్స్ రీజెంట్ చుక్కలు వేస్తాం. ఈ.కోలై అనే పేగుల బ్యాక్టీరియా ఉంటే, ట్యూబులో పైకి తేలిన పొర ఎర్రగా ఉంగరంలా కనబడుతుంది. ఆ బ్యాక్టీరియా ట్రిప్టోఫాన్‌ను విరిచినప్పుడు ఇండోల్ అనే పదార్థం పుడుతుంది. ఆ ఎరుపు ఇండోల్ ఇచ్చిన సాక్ష్యం. మలం దుర్వాసనలో ఈ ఇండోల్‌కూ వాటా ఉంది.

ఇదే ఇండోల్ మల్లెపూవులో ఉంది. మల్లె, జాజి, పారిజాతం, ఆలివ్ అన్నీ వృక్షశాస్త్రం లెక్కలో ఒకే కుటుంబం. పొద్దున కోసిన మల్లెమొగ్గకు వాసన ఉండదు. సాయంత్రం రేకులు విడుతుంటే లినలూల్, బెంజైల్ ఎసిటేట్, మిథైల్ ఆంత్రనిలేట్‌లతో పాటు ఇండోల్ కూడా గాలిలో కలుస్తుంది. జాజుల నుంచి తీసే అత్తరు సారంలో ఇండోల్ సుమారు నూటికి రెండున్నర వంతులు. చిక్కగా ఉన్న ఇండోల్ దగ్గర ముక్కు మూసుకుంటాం. చాలా పలచనైతే అదే పూలవాసన. కృత్రిమంగా మల్లె అత్తరు చేసేవాళ్లు ఇండోల్ వేయకపోతే ఆ వాసనకు జీవం రాదు.

1866లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ ఫాన్ బేయర్ ఇండోల్‌ను మొదటిసారి తయారుచేశాడు. ఎనిమిది కార్బన్లు, ఏడు హైడ్రోజన్లు, ఒక నైట్రోజన్: అంతే దాని నిర్మాణం. పూవులోంచి తీసిన అణువునూ మురుగులోంచి తీసిన అణువునూ పక్కపక్కన పెడితే ఏది ఎక్కడిదో ఏ రసాయన పరీక్షా చెప్పలేదు. మొక్కలో సాధారణంగా ట్రిప్టోఫాన్ తయారయ్యే దారిలో ఇండోల్ పుడుతుంది. పేగులో ట్రిప్టోఫాన్ విరిగే దారిలో పుడుతుంది. కట్టే దారిలోనూ కూలే దారిలోనూ మజిలీ ఒక్కటే.

మా అమ్మ మడి కట్టుకుని దేవుడికి మాల కట్టేది. అరటినారను నీళ్లలో తడిపి, నాలుగేసి మొగ్గలు అటూ ఇటూ పెట్టి ముడి బిగించేది. పిల్లలం ఆ పళ్లెం దగ్గర ముక్కు పెడితే ఊరుకునేది కాదు. వాసన చూసిన పువ్వు ఎంగిలి, దేవుడికి పనికిరాదు అనేది. ఆ నియమంలో భక్తి ఉంది, నాకు దానిమీద గౌరవం ఉంది. మంచిది ముందు దేవుడికి, తర్వాత మనకు అన్న క్రమశిక్షణ అది. కానీ ఆ మడి చీర దగ్గరికే, మా వీధి కాలువ తీసే మనిషిని రానిచ్చేవారు కాదు. అక్కడే నాకు పేచీ.

గీత ఏడో అధ్యాయంలో భగవంతుడు భూమిలోని పుణ్యగంధం తానేనంటాడు. దానికి శంకరుల భాష్యం చూసినప్పుడు ఆగిపోయాను. గంధం స్వభావం చేతనే పుణ్యమైనది, అపుణ్యత అవిద్య, అధర్మాల వల్ల, వేరే భూతాల కలయిక వల్ల వచ్చేది అని దాని భావం. సంసారి వైపు నుంచి వచ్చిన దోషం తప్ప, గంధంలో పుట్టుకతో దోషం లేదన్నమాట. ఇండోల్ పేరు కూడా తెలియని కాలంలో ఆయన తర్కం చేరిన చోటికి నా టెస్ట్‌ట్యూబూ నన్ను చేర్చింది.

అలాగని శుభ్రత, మురికి ఒకటే అనడం అబద్ధం. ఎర్ర ఉంగరం కనబడ్డ నీళ్లను తాగొద్దని నేనే రిపోర్టు రాశాను, ఇప్పుడైనా అదే రాస్తాను. అయితే మేం భయపడింది ఇండోల్‌కు కాదు, మలంతో పాటు వచ్చే కలరా, టైఫాయిడ్ క్రిములకు. వాటికి క్లోరిన్ ఉంది, సబ్బు ఉంది, మరిగించిన నీళ్లున్నాయి. కడిగితే పోయేది మురికి. కడిగినా పోదని పుట్టుకకు అంటించినది మాత్రం మనం కల్పించిన అశుచి.

మన ఆచారంలోనే దీనికి సాక్ష్యముంది. నేలరాలిన పువ్వు పూజకు పనికిరాదంటారు. పారిజాతానికి మాత్రం ఆ పట్టింపు లేదు. తెల్లవారేసరికి చెట్టు కింద మట్టిలో పడిన పూలనే ఏరి దేవుడికి పెడతాం. ఇక వేరే మతంలో చూస్తే, పారిజాతం కుటుంబానిదే అయిన ఆలివ్ కాయ చెట్టునుంచి కోసి నోట పెట్టలేనంత చేదు. ఓలియురోపిన్ వల్ల వచ్చే ఆ చేదును ఉప్పునీళ్లలో ఊరేసి వదిలిస్తారు. ఆ కాయ నూనెతోనే యూదులు తమ దేవాలయంలో దీపం పెట్టారు. మట్టిని తాకినంత మాత్రాన, చేదు ఉన్నంత మాత్రాన దేవుడు దేన్నీ తోసెయ్యలేదు.

మనిషిని తోసెయ్యడం మాత్రం మనం మానలేదు. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లోనూ 2013లోనూ చట్టాలు వచ్చాయి. అయినా మ్యాన్‌హోళ్లలో దిగి ఊపిరాడక చనిపోతున్నవాళ్ల వార్తలు ఆగలేదు. పైకి వచ్చినవాడికి మంచినీళ్లు ఇవ్వడానికి విడిగా గ్లాసు వెతికే ఇళ్లు ఇంకా ఉన్నాయి.

మడి పాటించేవారిని మానెయ్యమని నేను అడగను. స్నానం చెయ్యండి, చేతులు కడుక్కోండి, మల్లెలు వాడకముందే దేవుడికి పెట్టండి. మనిషి దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఆ లెక్క ఆపెయ్యండి. మీ కాలువ బాగుచేసినవారికి సబ్బూ నీళ్లూ ఇచ్చి, మీరు తాగే గ్లాసుతోనే మంచినీళ్లివ్వండి. యంత్రం ఉండగా ఎవరినీ మురుగులోకి దించనివ్వకండి, చేతికి గ్లౌజులు, ముఖానికి మాస్కు లేకుండా కాలువ పనీ చేయించకండి. అది కూడా దేవుడి పూజే.