ముక్కుకు తెలియనిది

బాన్సువాడ

సాయిలూ,

మొన్న ఫోన్లో మాస్కు మాట ఎత్తితే నవ్వేసినావు. "తిన్నరు వాసన ఇప్పుడు తెలుస్తనే లేదు మామా, అలవాటైపోయింది" అన్నావు. బడిలో రసాయనశాస్త్రం చెప్పి బతికినవాణ్ణి, ఆ మాట విని ఊరుకోలేక రాస్తున్నాను. అలవాటైంది ముక్కుకు. వాసన చెప్పీ చెప్పీ అది మానేసింది. ఊపిరితిత్తులు పీల్చడం మానలేదు కదా. టూకే రంగుల్లో కలిపే హార్డ్‌నర్ సంగతి ఇంకా అన్యాయం. అందులోని ఐసోసయనేట్లు ఉబ్బసం తెప్పించేంత గాలిలో చేరినా ముక్కుకు అందవు.

నీ షెడ్డులో ఒక పక్క గేట్లకూ ట్రాలీలకూ వెల్డింగ్ నడుస్తుంటే ఇంకో పక్క నీవు రంగు కొట్టే గన్ను పట్టుకుంటావు. అందుకే హైదరాబాదు తార్నాకలోని ఐఐసీటీ అనే రసాయన పరిశోధన సంస్థ వాళ్ల అధ్యయనం నీకు దగ్గరిది. పరంజీత్ గ్రోవర్ బృందం 102 మంది వెల్డర్ల రక్తాన్ని, ఆ పని చేయని అంతే మంది రక్తంతో పోల్చి చూసి 2004లో ఫలితాలు ప్రకటించింది. రక్తకణాలను పలుచటి జిగురు పొరలో పెట్టి కరెంటు పంపిస్తారు. డీఎన్ఏ బాగుంటే కణం గుండ్రంగానే ఉంటుంది. తెగి ఉంటే ఆ ముక్కలు ఒక వైపుకు సాగి తోకచుక్కలా కనబడుతుంది. వెల్డర్ల కణాలకు తోక పొడుగ్గా వచ్చింది. వాళ్లు పీల్చిన పొగలో ఉన్నవి క్రోమియం, నికెల్. ఆ క్రోమియమే సీసంతో కలిసి లెడ్ క్రోమేట్ పేరుతో కొన్ని పసుపు రంగు డబ్బాల్లో ఉంటుంది. ఎక్కడో కొలంబియా దేశంలో, కాలీ నగరంలో కార్లకు స్ప్రే కొట్టేవాళ్ల మీద ఇదే పరీక్ష చేసి 2016లో ప్రకటించారు. వాళ్లలోనూ దెబ్బ కనబడింది.

రంగులో సీసం 90 పీపీఎం దాటొద్దని సర్కారు నిబంధన ఉందిగా అంటావేమో. ఉంది. 2016లో తెచ్చి 2017 నవంబరు నుంచి అమలు చేశారు. కాని అది ఇళ్లకు వేసే రంగులకు. ట్రాలీకి కొట్టే పారిశ్రామిక రంగు దాని కిందికి రాదు.

నిన్ను భయపెట్టడానికి లేనిది చెప్పను. డీఎన్ఏ తెగినంత మాత్రాన జబ్బు వచ్చినట్టు కాదు, తెగినదాన్ని ఒళ్లు రోజూ అతికించుకుంటూనే ఉంటుంది. అతుకు తప్పుగా పడి, ఆ కణమే పెరుగుతూ పోతే చిక్కు. దానికి ఏళ్లు పడుతుంది, నొప్పి ఉండదు, అంతవరకు గిరాకీ ఆగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం పెయింటర్ పనిని 1989లోనే మొదటి వర్గంలో పెట్టింది. పొగాకు ఉన్న వర్గమే అది. ఊపిరితిత్తుల క్యాన్సర్, మూత్రాశయ క్యాన్సర్ ఈ పనివాళ్లలో ఎక్కువ. నీకు బీడీ కూడా తోడు. ఇంకొకటి చెప్పాలంటే మేనమామగా మొహమాటంగా ఉంది కాని, పెళ్లి కావలసినవాడివి, వినాలి. వెల్డర్ల మీదే 2003లో వచ్చిన మరో అధ్యయనంలో, రక్తంలోని నికెల్‌కూ వీర్యకణాల లోపాలకూ సంబంధం కనబడింది.

నా ఊపిరి నా ఇష్టం అంటావు. నేను ఒప్పుకోను గాని, ఆ వాదన ఇప్పటికి పక్కన పెడదాం. షెడ్డు తెరిచిన నాటి నుంచి నీవు వట్టి పనివాడివి కావు, ఉస్తాదువి. నీ దగ్గర ఇద్దరు పిల్లగాళ్లున్నారు, నీవు ఎట్ల చేస్తే అట్లనే చేస్తారు. నీవు ముక్కుకు దస్తీ కట్టుకుంటే వాళ్లూ దస్తీయే కడతారు, నీవు తిన్నరుతో చేతులు కడుక్కుంటే వాళ్లూ కడుక్కుంటారు. ఇద్దరు ముగ్గురితో నడిచే షెడ్డుకు మామూలుగా ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ రాడు. అడిగేవాడు లేడన్న సంగతి నీకు సుఖంగా తోస్తే అక్కడే నీ తప్పు మొదలైంది. అడగవలసింది నీవే.

దస్తీ దుమ్మును కొంత ఆపుతుందేమో, తిన్నరు ఆవిరిని ఆపదు. బొగ్గు క్యాట్రిడ్జి ఉన్న మాస్కు కావాలి, ఆ క్యాట్రిడ్జి కూడా మారుస్తుండాలి. టూకే కొట్టే రోజున పైపుతో మంచి గాలి అందించే మాస్కే మేలు. మామూలు గన్ను కొట్టిన రంగులో సగం కూడా ఇనుముకు అంటదు, మిగిలింది గాలిలో కలిసి మీ లోపలికే పోతుంది. హెచ్‌వీఎల్‌పీ గన్నయితే 65 శాతం దాకా అంటుకుంటుంది, డబ్బాలూ కలిసొస్తాయి. పని బట్టలు ఇంటికి తేకు, మా అక్క చేత ఉతికించకు.

ఆ ఇద్దరిలో చిన్నోడికి పదిహేనేళ్లని నీవే చెప్పినావు. 18 నిండని వాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టొద్దని 2016 నాటి చట్ట సవరణ చెబుతోంది. వాళ్ల ఇంటికి పోయి నాయనతో మాట్లాడు, మళ్లీ బడిలో చేర్పించు, అవసరమైతే నేనూ వస్తాను. పెద్దోడు ఉంటాడు కాబట్టి ఈ వారంలోనే మాస్కు కొను. ఒక్కదానికే పైసలుంటే అది వాడికియ్యి, నీకు రెండోది వచ్చేదాకా గన్ను ముట్టకు.

ఇట్లు
మీ మామ