దుఃఖానికీ సాక్ష్యం అడుగుతారా?

చనిపోయినవాడికి మట్టి ఇవ్వడం మాలో చివరి బాధ్యత. జనాజాను నాలుగడుగులైనా భుజాన మోసి, కబ్రస్తాన్‌లో మూడు దోసిళ్ల మట్టి వేసి వస్తేనే ఆ మనిషి పోయాడని మా చేతులకు తెలుస్తుంది. చేతులకు తెలిశాకే మనసుకు తెలుస్తుంది. ఆ తర్వాత మూడు రోజులు. భర్త పోయిన స్త్రీకి తప్ప ఇంకెవరికీ అంతకు మించి శోకం పాటించే పని లేదంది షరీఅత్. మరి దేహమే చేతికి రాకపోతే? ఎక్కడో పరాయి గడ్డమీద విమానం కూలి దోస్తు బూడిదైపోతే ఆ మూడు రోజులు ఎప్పుడు మొదలైనట్టు?

2010 మే 22న దుబాయి నుంచి వస్తున్న విమానం మంగళూరులో లోయలో పడి 158 మంది చనిపోయారు. డీఎన్‌ఏ పరీక్షలకు కూడా ఎవరివో తేలని దేహాలను అక్కడే పూడ్చారు. గల్ఫ్‌కు కొడుకుల్ని పంపిన మా ఇళ్లకు ఈ భయం కొత్తది కాదు. కానీ ఈ ప్రశ్నను మాకంటే ముందు, మాకంటే కటువుగా ఎదుర్కొన్నవాళ్లు ఇద్దరున్నారు. ఇద్దరూ ముస్లింలు. పోయిన నేస్తం హిందువు. పేరు సుభాష్ చంద్రబోస్.

మొదటివాడు మన హైదరాబాదు ఆబిద్ హసన్. జర్మనీలో ఇంజనీరింగు చదువుతూ, ఆ చదువు వదిలేసి బోస్ వెంట నడిచాడు. 1943 ఫిబ్రవరిలో జర్మన్ జలాంతర్గామి ఎక్కి, మడగాస్కర్ దాపున నడిసముద్రంలో జపాన్ జలాంతర్గామిలోకి మారి, దాదాపు మూడు నెలలు బోస్‌తో కలిసి ప్రయాణం చేసిన ఒకే ఒక్క భారతీయుడు. 'జైహింద్' ఆయన ఇచ్చిన నినాదమేనంటారు. జెండాలో కాషాయమా, ఆకుపచ్చా అని తగువు వచ్చినప్పుడు ఆ కాషాయాన్నే తన పేరులో కలుపుకుని సఫ్రానీ అయ్యాడని కూడా అంటారు. మా దేశభక్తికి రోజూ సర్టిఫికెట్లు అడిగేవాళ్లలో ఎంతమందికి తెలుసు ఈ పేరు?

రెండోవాడు కర్నల్ హబీబుర్ రహ్మాన్. 1945 ఆగస్టు 17న సైగాన్‌లో జపాన్ వాళ్లు తమ బాంబరు విమానంలో బోస్ కాక ఇంకొక్కరికే చోటుందన్నారు. బోస్ హబీబ్‌ను తీసుకెళ్లాడు. ఆబిద్ హసన్, తక్కిన సహచరులు నేలమీదే ఉండిపోయారు. మర్నాడు మధ్యాహ్నం తైహోకులో, అంటే నేటి తైపేలో, ఆ విమానం పైకి లేస్తూనే కూలింది. ఒంటినిండా మంటలతో ఉన్న బోస్‌ను కాపాడబోయి హబీబ్ చేతులు కాల్చుకున్నాడు. ఆ రాత్రి ఆస్పత్రిలో బోస్ ప్రాణం పోయింది. చితి దగ్గర సొంత మనిషి అన్నవాడు హబీబ్ ఒక్కడే. దహనం మా ఆచారం కాదు. అయినా నేస్తాన్ని నేస్తం ఆచారం ప్రకారమే సాగనంపాడు. మట్టి ఇవ్వడమంటే ఇంతకన్నా ఏముంటుంది?

ఆ తర్వాత ఏడ్చే తీరిక కూడా ఆయనకు దక్కలేదు. ముందు బ్రిటిష్ వాళ్లు ప్రశ్నించారు. 1956లో నెహ్రూ ప్రభుత్వం షానవాజ్ ఖాన్ కమిటీ వేస్తే, అప్పటికి పాకిస్తాన్‌లో ఉంటున్న హబీబ్ ఢిల్లీ వచ్చి అదంతా మళ్లీ చెప్పాడు. కాలిన మచ్చలు చూపాడు. ముగ్గురు సభ్యుల్లో ఇద్దరు నమ్మారు. మూడో సభ్యుడు, స్వయానా బోస్ అన్న సురేశ్ చంద్ర బోస్, నమ్మలేదు. 1970లో వేసిన ఖోస్లా కమిషన్ నమ్మింది. 1999లో వేసిన ముఖర్జీ కమిషన్ ఆయన విమాన ప్రమాదంలో చనిపోలేదంది. ఆ మాటను ప్రభుత్వం 2006లో తోసిపుచ్చింది. ఒక మనిషి మరణానికి ఇన్ని తీర్పులు!

హబీబ్ ముస్లిం కాబట్టే నమ్మలేదనడం అన్యాయం. మేం ఆ మాట అనం. తోడబుట్టినవాడే నమ్మలేకపోయాడంటే అది ప్రేమే. కానీ ఆ ప్రేమ ఏం చేసిందో కూడా చూడాలి కదా. అదే మంటల్లోంచి బయటపడ్డ మనిషిని అబద్ధాలకోరును చేసింది. నేతాజీకి ఇచ్చిన మాట కోసం నిజం దాస్తున్నాడన్నారు. వినడానికి మెచ్చుకోలులాగే ఉంటుంది. ఆ మెచ్చుకోలును ఒప్పుకోవాలంటే మాత్రం ఆయన తన దోస్తు చావును తానే కాదనాలి. నేస్తాన్ని సజీవంగా ఉంచాలనే కోరికతో, నేస్తం కోసం ఏడ్చే హక్కును లాక్కోవడం ఇది.

మాకిది తెలిసిన బాధే. పుట్టుకకు కాయితం, ఉనికికి కాయితం, విధేయతకు కాయితం. ఎవరైనా పెద్దమనిషి పోతే మేం ఏడిస్తే ఎందుకేడ్చారంటారు, ఏడవకపోతే ఎందుకేడవలేదంటారు. మూడు రోజుల గడువు కఠినమని మాలోనే కొందరు గొణుగుతారు గానీ, మాకు అది దయగానే కనిపిస్తుంది. పోయినవాడు పోయాడని ఒప్పుకోమంటుంది, ఉన్నవాళ్లను వదిలిపెట్టమంటుంది. హబీబ్‌ను ఎవరూ వదిలిపెట్టలేదు.

ఆబిద్ హసన్ స్వతంత్ర భారత విదేశాంగ శాఖలో పనిచేసి, డెన్మార్క్‌లో రాయబారిగా ఉండి, రిటైరయ్యాక హైదరాబాదు చేరి 1984లో కన్నుమూశాడు. బోస్ అస్థికలు మాత్రం 1945 సెప్టెంబరు నుంచి టోక్యోలోని రెంకోజీ గుడిలోనే ఉన్నాయి. ఇంటికి తెప్పించమని కూతురు అనితా ఫాఫ్ అడుగుతూనే ఉంది.