నోటు మీది మేడ

అన్న ఆ నోటును రెండు చేతులతో ఇచ్చాడు, గుడిలో ప్రసాదం ఇచ్చినట్టు. పాత వంద దిర్హాముల నోటు. ఒకవైపు మట్టిరంగు కోట, ఇంకోవైపు పొడుగాటి మేడ. "తమ్మీ, ఈ బిల్డింగుకు సెంట్రింగ్ కొట్టినోళ్లల్ల నేనొకణ్ణి. ఇంకా ఉన్నదో లేదో చూసి రా" అన్నాడు. ముప్పై ఏళ్లకు పైగా దాన్ని ఇనుప పెట్టెలో, భూమి కాగితాల నడుమ దాచుకున్నాడు. ఇంట్లో ఎంత కష్టం వచ్చినా మార్చలేదు.

ముంబైలో ఓడ ఎక్కినప్పటి నుంచి ఆ నోటు నా చొక్కా జేబులోనే ఉంది. కొడుకు పట్టుబట్టి చేయించిన విహారయాత్ర ఇది. మా గదికి బాల్కనీ ఉంది. పొద్దున లేచి కాఫీ తాగుతూ సముద్రం చూస్తుంటే, ఇదే నీళ్ల మీద అన్న వెళ్లిన తీరు గుర్తొచ్చేది. 1977లో, ఇరవై రెండేళ్ల వయసులో, నూటికి మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చి ఏజెంటుకు కట్టి, "ద్వారక" అనే ఓడలో డెక్కు ప్యాసింజరుగా పోయాడు. బొంబాయి నుంచి కరాచీ, మస్కట్ రేవుల్లో ఆగుతూ గల్ఫ్ దాకా తిరిగిన ఓడ అది. 1982లో దాని ప్రయాణాలు ఆగిపోయాయి. అటెన్‌బరో 'గాంధీ' సినిమాలో కనబడుతుంది. ఇంటి నుంచి తీసుకుపోయిన దుప్పటి పరుచుకుని, పచ్చడి మూట తలకింద పెట్టుకుని, ఆకాశం కింద పడుకున్నానని చెప్పేవాడు. జగిత్యాల దాటి ఎరగనివాడు. సముద్రాన్ని మొదటిసారి చూసింది కూడా ఆ ప్రయాణంలోనే.

మూడో నాడు తెల్లవారుజామున మంచులాంటి దుమ్ములోంచి దుబాయి పైకి లేచింది. మా ఓడ ఆగింది రాషిద్ రేవులో, 1972లో తెరిచిన రేవు. కొంచెం దూరంలో క్వీన్ ఎలిజబెత్-2 అనే పాత మహానౌక కట్టేసి ఉంది. సముద్రాలన్నీ తిరిగిన ఆ ఓడ 2018 నుంచి కదలని హోటల్. దాన్ని చూస్తూ చాలాసేపు నిలబడ్డాను.

దిగే ముందు ఒక సంగతి నన్ను ఆపింది. ఓడ ఎక్కిన రోజే మా పాస్‌పోర్టులు తీసుకుని, బదులు ఒక్కొక్క కార్డు ఇచ్చారు. అది చూపిస్తే దిగవచ్చు, చూపిస్తే ఎక్కవచ్చు. రాత్రి ఎనిమిదికల్లా తిరిగి రావాలి. నా పాస్‌పోర్టు ఎవరి దగ్గరో ఉందన్న బెంగ నాకు క్షణమైనా కలగలేదు. అన్న పాస్‌పోర్టు కూడా దిగిన రోజే కంపెనీవాళ్లు తీసుకున్నారు. రెండున్నరేళ్ల తర్వాత, నాయన పోయాడన్న తంతి అందాక అడిగితే, పని అయిపోలేదని ఇవ్వలేదు. పదమూడో దినానికి కూడా అన్న ఊళ్లో లేడు. కర్మ నేనే చేశాను. పాస్‌పోర్టు ఇంకొకరి చేతిలో ఉండటం ఇద్దరికీ ఒకటే. అడిగినప్పుడు అది చేతికి వస్తుందా రాదా అన్నదే నాకూ ఆయనకూ తేడా.

అందరితో పాటు మేమూ బుర్జ్ ఖలీఫా ఎక్కాం. 828 మీటర్లు, 2010 జనవరిలో తెరిచారు. లిఫ్టులో చెవులు మూసుకుపోయాయి. 124వ అంతస్తు నుంచి చూస్తే ఒకవైపు సముద్రం, ఒకవైపు ఇసుక, మధ్యలో ఎవరో గీత గీసి పేర్చినట్టు ఊరు. మా ఓడలోని ఒక పెద్దమనిషి పక్కన నిలబడి, "ఇదంతా బొమ్మల కొలువండీ. ఆత్మ లేదు" అన్నారు. ఈ మాట ఇంతకు ముందూ విన్నాను, చదివాను కూడా. దుబాయి చూసి వచ్చినవాళ్లలో చాలామంది అనే మాటే ఇది. ఆ రోజు మాత్రం నాకది ముల్లులా గుచ్చుకుంది.

ఈ మేడ కట్టేటప్పుడు ఎండాకాలంలో పగలు కాంక్రీటు పోస్తే బిరుసెక్కి పగుళ్లు వస్తాయని, రాత్రిళ్లు, అందులో ఐసు కలిపి పోశారు. అంటే ఆ రాత్రులన్నీ ఎవరో మేలుకుని ఉన్నారు. తెల్లారి ఇరుకు గదుల్లో, ఒకరి మంచం మీద ఒకరి మంచం వేసిన క్యాంపుల్లో, నిద్రపట్టక దొర్లారు. వాళ్లలో కరీంనగర్ వాళ్లు, కేరళ వాళ్లు, పెషావర్ వాళ్లు, ఢాకా వాళ్లు ఎందరో ఉండి ఉంటారు. చేసిన పని నిజం, పంపిన డబ్బు నిజం. మా ఊళ్లో ఆ డబ్బుతో లేచిన ఇళ్లున్నాయి, పెళ్లిళ్లయిన ఆడపిల్లలున్నారు, నీళ్లు పడని బోర్లూ ఉన్నాయి. నా డిగ్రీ చదువు ఆ డబ్బే. ఊరికి ఆత్మ లేదంటే వాళ్లు అక్కడ లేరన్నట్టే. ఆ పెద్దమనిషితో ఇదంతా అనలేదు, మర్యాద అడ్డొచ్చింది. అనకపోవడం ఇప్పటికీ బాధగానే ఉంది.

ఇంకొకటి కూడా తోచింది. మా ఓడలు ఇక్కడికి చలికాలంలోనే వస్తాయి. సాయంత్రం పలచటి గాలి వీస్తుంది, పూలచెట్లకు సన్నటి గొట్టాల్లో నీళ్లు పారుతుంటాయి. నలభై అయిదు డిగ్రీల ఊరు మాకు కనిపించనే కనిపించదు. అన్న చెప్పే దుబాయిలో చలికాలం ఉండేదే కాదు. ఇనుప చువ్వ పట్టుకుంటే అరచెయ్యి అంటుకుపోయేదని, నోట్లో ఉప్పు ఊరేదని అదే చెప్పేవాడు. మేమిద్దరం చూసింది ఒకే ఊరు అనడానికి నాకు ధైర్యం చాలదు.

మధ్యాహ్నం పాత ఊరికి వెళ్లాం. క్రీక్ అనే ఆ సముద్రపు పాయను దాటించే పడవను అబ్రా అంటారు. ఒక దిర్హాము ఇస్తే దేరా వైపు నుంచి బర్ దుబాయి వైపు దింపుతారు. నాకు ఆ రోజంతటిలో అన్నిటికంటే నచ్చింది ఆ కాసేపటి ప్రయాణం. పడవ నడిపే బంగ్లాదేశ్ అబ్బాయి హిందీలో పలకరించాడు. ఈ తీరంలో ఒకప్పుడు మన రూపాయలే నడిచేవి. తర్వాత 1959 నుంచి రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసం ప్రత్యేకంగా అచ్చేసిన రూపాయలు చెల్లాయి. 1966 దాకా అంతే. అన్న ఇక్కడ దిగేనాటికి దిర్హాము వచ్చి నాలుగేళ్లే.

చమురు దొరకక ముందు ఇక్కడివాళ్ల బతుకు ముత్యాల మీద. ముక్కుకు పట్టకారు తగిలించుకుని, కాలికి రాయి కట్టుకుని, ఊపిరి బిగబట్టి అడుగుకు దిగేవాళ్లు. ముత్యాల వేట కాలం మొదలయ్యే ముందు పడవ యజమాని దగ్గర ఇంటి ఖర్చుకు అప్పు తీసుకునేవాళ్లు. వచ్చిన ముత్యాలు ఆ అప్పుకే సరిపోకపోతే మళ్లీ ఏడు మళ్లీ అదే పడవ. 1930లలో జపాన్ పెంపుడు ముత్యాలు వచ్చి, లోకమంతా మాంద్యంలో పడి, ఆ బతుకూ కూలింది. తర్వాత ఈ పాయలో పూడిక తీసి ఓడలు రానివ్వాలని దుబాయి పాలకుడు షేక్ రాషిద్ కువైట్ దగ్గర అప్పు తెచ్చాడు. చమురు బయటపడటానికి ముందే, 1960 ప్రాంతంలో. అప్పు చేసి సముద్రానికి ఎదురువెళ్లిన మనుషులు ఇక్కడివాళ్లూ, మావాళ్లూ. ముత్యాలు తీసిన ఇక్కడి తాత, మా అన్న ఎదురుపడి మాట్లాడుకుంటే భాష అడ్డమయ్యేది కానీ, మిత్తి లెక్క దగ్గర ఇద్దరికీ ఏ సందేహమూ వచ్చేది కాదు.

నోటుకు ఒకవైపున్న కోట పడవ దిగిన చోటికి దగ్గర్లోనే, ఫహీదీ కోట. 1787లో కట్టింది. రెండో వైపు మేడ కోసం మెట్రో ఎక్కాం. డ్రైవరు లేని రైలు. స్టేషనుకూ మేడ పేరే, వరల్డ్ ట్రేడ్ సెంటర్.

బయటికొచ్చి మొదట గుర్తుపట్టలేదు. షేక్ జాయెద్ రోడ్డు పొడుగునా అద్దాల మేడలు, వాటి పక్కన తెల్లటి కాంక్రీటు జాలీ కప్పుకున్న పాత మేడ. 39 అంతస్తులు. 1979లో ఎలిజబెత్ రాణి వచ్చి తెరిచింది. ఆ రోజుల్లో చుట్టూ ఇసుకే. నోటు తీసి పట్టుకుని పోల్చి చూశాను. అదే. అన్న కొట్టిన సెంట్రింగ్ చెక్కలు కాంక్రీటు గట్టిపడగానే ఊడదీసి ఉంటారు, ఆ పని రివాజే అంత. అందులో ఆయన చెయ్యి ఎక్కడా మిగల్లేదు. అయినా గోడ మీద అరచెయ్యి ఆనించాను. చల్లగా ఉంది.

వీడియో కాల్ చేద్దామంటే అక్కడ వాట్సాప్ కాల్ నడవదని కొడుకు చెప్పాడు. నోటు పట్టుకుని ఫొటో దిగి పంపాం. ఓడ చేరే వేళకు అన్న గొంతు రికార్డు అయి వచ్చింది.

"తమ్మీ, మంచిగున్నది. మనది చిన్నగైపోయింది గని మంచిగున్నది. మీదికి పోయినవా? మీదినుంచి సముద్రం కనవడుతది. బల్లల మీద నిలవడి, అన్నం తిన్నంక ఒక్క బీడీ కాల్చెటంత సేపు చూసెటోళ్లం. బొంబాయి గీ దిక్కుకే ఉన్నదనేటోడు మేస్త్రి. పోయినవా మీదికి?"

నేను వెళ్లలేదు. అడగాలని కూడా తోచలేదు.

ఓడ రేవు విడిచేటప్పుడు బాల్కనీలో నిలబడి ఆ మేడ కోసం వెతికాను. అన్నీ దీపాలే. "అదిగో నాన్నా" అని అబ్బాయి ఒక దిక్కు చూపించాడు. అది కావచ్చు, ఇంకొకటి కావచ్చు. గదిలోకి వచ్చి అన్న మాట ఇంకోసారి విన్నాను. వింటూ, బొంబాయి ఏ దిక్కున ఉందో నీళ్ల మీద చూడటానికి మళ్లీ బయటికి వెళ్లాను.