ఎక్కడున్నావు? ఎలా ఉన్నావు?

ధ్యాన భాగములు: ఆదికాండము 16:7-13, సంఖ్యాకాండము 33వ అధ్యాయము



మా అమ్మాయి విరుదునగరులో పని చేయుచు సాయంకాలము బస్సులో కోవిల్‌పట్టికి తిరిగి వచ్చును. ఆమె ఉన్న చోటు నా ఫోనులో చుక్కగా కనబడునట్లు చేసికొంటిని. ఒకనాడు ఆ చుక్క సాత్తూరు దగ్గర గంటసేపు కదలలేదు. నా మనస్సు ఏమేమో ఊహించినది. ఫోను చేసి, "అక్కడ ఎవరితో ఉన్నావు?" అని గద్దించితిని. బస్సు చెడిపోయి అందరును రోడ్డు ప్రక్కన నిలిచియున్నారట. ఇంటికి వచ్చి ఒక్క మాట అన్నది: "నాన్నా, నేను ఎక్కడున్నానో చూశారు. ఎలా ఉన్నావని అడగలేదు." ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఉపగ్రహముల నుండియు, సెల్ టవర్ల నుండియు, దగ్గరి వైఫై నుండియు వచ్చు సంకేతములను బట్టి ఫోను తానున్న చోటు కనుగొనును. గూగుల్ మ్యాప్స్‌లోని టైమ్‌లైన్‌ను ఆన్ చేసినయెడల, ఏ దినమున ఎక్కడికి పోతిమో వరుసగా దాచియుంచును. ఈ లెక్కను ఇకమీదట ఎవరి ఫోనులో వారికే నిలువ చేయుదుమని ఆ సంస్థ 2023 డిసెంబరులో ప్రకటించినది. అయినను ఫోను చూపునది ఫోను ఉన్న చోటే గాని మనిషి హృదయమును కాదు.

దారి లెక్క వ్రాయుట తప్పా? కాదు. దేవుని ఆజ్ఞచొప్పున మోషే రామెసేసు మొదలు మోయాబు మైదానముల వరకు మజిలీలన్నియు వ్రాసెను. ఏలీములో పండ్రెండు నీటి బుగ్గలున్నవని వ్రాసెను. రెఫీదీములో త్రాగుటకు నీళ్లు లేవనియు వ్రాసెను. అది జనులను అనుమానించి వ్రాసిన లెక్క కాదు, దేవుడు నడిపించెనను సాక్ష్యము. వలస వచ్చిన మనకు దాని విలువ తెలియును. పూర్వము ఈ నల్లరేగడి నేలకు తెలుగువారు నడచి వచ్చిన దారి అవ్వల నోటి మాటలలో నిలిచినది. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్ వాడైన కి. రాజనారాయణన్ ఆ కథనే "గోపల్ల గ్రామం" అను తమిళ నవలగా వ్రాసెను.

ఇప్పుడు హాగరును చూడుడి. పారిపోయి షూరు మార్గమున నీటి బుగ్గ యొద్ద ఒంటరిగా నున్నది. ఆమె ఉన్న చోటు దేవునికి తెలియును. అయినను ఆయన దూత ఆమెను పేరు పెట్టి పిలిచి, వచ్చిన దారిని, పోవు దారిని గూర్చి అడిగెను. ఆమె చెప్పినది వినెను. అందుకే ఆమె ఆయనను తన్ను చూచు దేవుడని పిలిచెను. పట్టుకొనుటకు చూచుట వేరు, ఆదుకొనుటకు చూచుట వేరు.

బెయిలు పొందినవాడు గూగుల్ మ్యాప్స్‌లో తన చోటును దర్యాప్తు అధికారికి చూపుచుండవలెనను షరతు చెల్లదని, అది గోప్యత హక్కును భంగపరచునని 2024 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. నేరము మోపబడినవానికే ఆ గౌరవమున్నప్పుడు, ఏ నేరమును లేని భార్యకు, కుమార్తెకు, కోడలికి మనమిచ్చు గౌరవమేది?

కాబట్టి అడుగకుండ ఎవరి దారినీ వెంబడింపకుడి. రాత్రి ప్రయాణములో వారే ఇష్టపడి చూపినయెడల చూడుడి. ఇల్లు చేరగానే ఆపివేయుడి. చుక్క కదలనప్పుడు మొదట "క్షేమమేనా?" అని అడుగుడి.

నేను మా అమ్మాయిని క్షమాపణ అడిగి ఆ చుక్కను తీసివేసితిని. కొన్ని దినములు బస్సెక్కి తానే ఫోను చేయును, కొన్ని దినములు చేయదు. చేయని దినములలో ప్రార్థించుట నేర్చుకొనుచున్నాను.

మనలను చూచుచున్న దేవుడు మన రాకపోకలను కాపాడును గాక. ఆమేన్.