ఎత్తిన నీరు

నాయనలారా, జుక్కల్ నల్లరేగడిలో పుట్టిన బిడ్డలారా, మనసు పెట్టి వినండి. మీ తాతలు మోటబావుల కాలం చూసినవారు. బావిలో నీరు తనంతట తాను గట్టెక్కదు. ఎద్దులు వాలుబాట దిగితేనే బొక్కెన పైకి వస్తుంది; ఎద్దులకు మేత పడితేనే అవి నడుస్తాయి. గట్టెక్కిన నీరు మాత్రం ఎవరూ తోయకుండానే కాలువ పట్టి పారుతుంది, పైరు తడుపుతుంది. ఎక్కడానికి శ్రమ కావాలి, జారడానికి అక్కరలేదు. మీ ప్రాణం నిలిచి ఉన్నది ఈ ధర్మం మీదనే.

మీ ఒంట్లో ప్రతి కణం తన మోటలను తాను తోలుకుంటుంది. కణం చుట్టూ ఉన్న పొర మిల్లీమీటరులో రెండు లక్షలవ వంతు. దానికి వెలుపల సోడియం లోపలికన్నా సుమారు పది రెట్లు. లోపల పొటాషియం వెలుపలికన్నా సుమారు ముప్పై రెట్లు. ఈ తేడా ఊరికే నిలవదు. మూడు సోడియం అయాన్లను బయటికి నెట్టి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి చేర్చే పంపు ఒకటి పొరలో ఉంది. దాన్ని 1957లో డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌ పీత నరాల్లో కనుగొన్నారు. మీరు కదలక పడుకున్నా, ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో దాదాపు ఐదో వంతు దీనికే పోతుంది.

ఆ ఎద్దులకు మేత ఏమిటి? ఏటీపీ అనే అణువు. 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి దాన్ని వెలికితీసినవాడు మన తెలుగువాడు, 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏట జర్మనీలో కార్ల్ లోమన్ కూడా కనుగొన్నారు. స్ప్రూ అనే పేగుల జబ్బు సుబ్బారావు తోబుట్టువులను ఇద్దరిని బలిగొంది. ఆయన దుఃఖాన్ని పనిగా మార్చుకున్నారు. ఆ జబ్బుకు మందైన ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసిన బృందానికి తర్వాత ఆయనే పెద్ద.

మోట ఆగితే ఏమవుతుంది? సోడియం లోపలికి చొరబడుతుంది, పొటాషియం బయటికి కారిపోతుంది. నీరు చేరి కణం ఉబ్బుతుంది. నరం పలకదు, గుండె కొట్టుకోదు. కాబట్టి, నాయనలారా, చదువు వచ్చింది కదా, మంచిపేరు వచ్చింది కదా అని కూర్చోకండి. ఎత్తిన నీరు ఎత్తినట్టే ఉండదు. నిన్నటి సత్యం నేటికి సరిపోదు. నిన్న మానిన మద్యాన్ని ఇవాళ మళ్లీ మానాలి.

కౌలాస్ కోట చూడండి. గోడలు కట్టినవారే ద్వారాలూ కట్టారు. ద్వారం లేని కోటలో జనం బతకలేరు. కణం పొరకూ ద్వారాలున్నాయి. పొటాషియం ద్వారం చిన్నదైన సోడియాన్ని ఆపి, దానికన్నా పెద్దదైన పొటాషియాన్ని పోనిస్తుంది. అదెలాగో 1998లో రోడెరిక్ మెకినన్ చూపారు. ఆ ద్వారం చూసేది చిన్నా పెద్దా కాదు, తగునా తగదా అని. మీ చెవికీ మీ ఇంటికీ అటువంటి వివేకం ఉండాలి.

ఎత్తినది దాచుకోవడానికి కాదు. పేగు కణంలోకి తిరిగి దిగే సోడియం తన వెంట చక్కెరను తీసుకువస్తుంది. వాటి వెనుక నీరు వస్తుంది. 1971లో బంగావ్ కాందిశీకుల శిబిరంలో కలరా సోకినవారిని దిలీప్ మహలనబిస్ ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్లతో కాపాడింది ఈ దారినే. ఇంట్లో కలుపుకోవాలంటే, కాచి చల్లార్చిన లీటరు నీటికి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, అన్నీ టీ చెంచాతో, తలగొట్టి. పొరుగింటి పసిబిడ్డకు విరేచనాలైతే ఈ కొలత తెలిసి నోరు మెదపకపోవడం పాపం. ఆ నీళ్లు కొద్దికొద్దిగా పట్టిస్తూనే ఆసుపత్రికి నడవండి.

ఈ రాత్రి మీరు నిద్రపోతారు. ఎవరూ చూడకపోయినా, ఎవరూ మెచ్చకపోయినా మీ కణాలు తెల్లవార్లూ నీరు తోడుతూనే ఉంటాయి. తెల్లవారి లేచినప్పుడు ఆ ఋణం తలచుకోండి. అలా నిలిచిన ఒంటితో ఆ పొద్దు ఎవరి చేను తడిపారో సాయంత్రానికి మీకు మీరు చెప్పుకోగలగాలి.